ఎండ మన చేతిలో లేదు

మజ్జిగ ప్యాకెట్టును చేత్తో చింపగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మూల మీద చిన్న గాటు పెట్టి ‘ఇక్కడ చింపండి’ అని అచ్చు వేస్తారు గాని, అది అక్కడ తప్ప ఎక్కడైనా చిరుగుతుంది. చివరికి పంటితో లాగాలి. లాగితే ఒక్కసారిగా లొంగిపోయి, ఉప్పూ కరివేపాకుతో సహా చొక్కా జేబులోకి దిగుతుంది. మా అనకాపల్లిలో ఇప్పుడు ఏ సభకి వెళ్ళినా ఇదే ఇస్తున్నారు. పూర్వం సోడా ఇచ్చేవారు. సోడాకి ఒక మర్యాద ఉండేది. అది గొంతులోకే వెళ్ళేది.

ఆమధ్య వారం తేడాలో రెండు సభలకి వెళ్ళి రెండు చొక్కాలు పాడుచేసుకున్నాను. మొదటిది బొగ్గు వైపు వాళ్ళది. రెండోది సోలార్ వైపు వాళ్ళది. రెండింటికీ ఒకటే షామియానా, ఒకటే మైకు, మైకు పెట్టే మనిషీ ఒకడే. మజ్జిగ కూడా ఒకే డెయిరీది. కరెంటు ఎలా తయారుచేసుకోవాలన్న దాని మీద మన నాయకులకి ఏకాభిప్రాయం లేదని పేపర్లో రాస్తుంటారు గాని, మజ్జిగ దగ్గర ఉంది.

ఈ గొడవలోకి నేనెలా వచ్చానో చెప్పాలి. కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన మాస్టారికి ఊళ్ళో రెండు ఉద్యోగాలు దొరుకుతాయి. ఒకటి, పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీలో కూర్చోవడం. రెండోది, అవతలివాళ్ళు రాసుకొచ్చిన కాగితాల్లో తప్పులు దిద్దడం. మొదటి దానికి భోజనం పెడతారు. రెండో దానికి మజ్జిగ.

పైగా మా మేడ మీద సోలార్ ప్లేట్లు ఉన్నాయి. వీధిలో మొదట పెట్టించింది నేనే. పెట్టించిన కొత్తలో, ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు మేడ మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడి నుంచి చూస్తే సముద్రం వైపు దూరంగా థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఒక చేత్తో వాటిని, ఇంకో చేత్తో నా ప్లేట్లని చూపించి కొంచెంసేపు మాట్లాడేవాణ్ణి. కొంచెంసేపు అన్నది నా లెక్క. మా ఆవిడ లెక్కలో ఈలోపు కాఫీ రెండుసార్లు చల్లారేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, మండుటెండలో, కరెంటు పోయింది. మా ఇంట్లోనూ పోయింది. మా ఆవిడ మిక్సీ దగ్గర నుంచి పిలిచింది.

“నెత్తి మీద అంత ఎండ ఉంది కదండీ. మనకెందుకు పోయింది?”

మాది లైనుతో కలిపిన ఏర్పాటు అనీ, లైనులో కరెంటు లేకపోతే ప్లేట్లు కూడా వాటంతట అవే ఆగిపోతాయనీ, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మేన్‌కి మన కరెంటు కొడుతుందనీ వివరించాను. బోర్డు ఉంటే బొమ్మ కూడా వేసేవాణ్ణి.

“లైన్‌మేన్ చల్లగా ఉండాలి, నేను కాదనను,” అంది. “చట్నీ సంగతి చెప్పండి.”

మర్నాడే ఒక బ్యాటరీ ఇన్వర్టర్ కొనుక్కొచ్చి మెట్ల కింద పెట్టించాను. దాని ముందు ఒక కర్టెను కట్టాను. వచ్చినవాళ్ళని ఆ మెట్ల మీదుగానే మేడ మీదికి తీసుకెళ్ళేవాణ్ణి గాని, మెట్ల కింద ఏముందో చెప్పేవాణ్ణి కాదు. అడిగితే చెప్పేవాణ్ణే. మెట్ల కింద ఏముందని ఎవరడుగుతారు?

బొగ్గు వైపు నాయకుడు నా పాత విద్యార్థి. థర్మోడైనమిక్సు పేపరు నా కటాక్షం వల్ల దాటినవాడు. సభకి రెండు రోజుల ముందు ఉపన్యాసం కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు.

“మీరు అవతల పార్టీ అని తెలుసు మాస్టారూ. మీరేటీ ఒప్పుకోనక్కర్లేదు. తప్పులు దిద్దితే సాలు. మైకులో సదివేటప్పుడు జనం నవ్వకూడదు.”

దిద్దాను. దిద్దాక చదివి చూస్తే వాదన మరీ నీరసంగా ఉంది. మన కుర్రాళ్ళకి పని, మన ఇళ్ళకి వెలుగు అంటూ ఏవో ఉన్నాయి గాని, ఎదుటివాడి నోరు మూయించే మాట ఒక్కటీ లేదు. నీరసమైన వాదన నా చేతి మీదుగా బయటికి వెళ్తే నాకు అన్నం సయించదు. అది ఎవరి వాదనైనా సరే. మార్జిన్లో ఒక్క వాక్యం రాసిచ్చాను: ‘ఎండ మన చేతిలో లేదు, బొగ్గు మన గోదాములో ఉంది.’ నిజానికి ఆ బొగ్గు మన గోదాములోదేం కాదు. ఎక్కడి నుంచో రైళ్ళలో, ఓడల్లో రావాలి. కాని వాక్యం కుదిరింది. కుదిరిన వాక్యాన్ని కొట్టెయ్యడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

సభలో ఆ వాక్యానికే చప్పట్లు పడ్డాయి. నేను కూడా కొట్టాను. చొక్కా మీద పడ్డ మజ్జిగ దులుపుకుంటున్నట్టు కొట్టాను.

తర్వాత వారం సోలార్ వాళ్ళ సభలో నేనే వక్తని. నా ఉపన్యాసం బాగానే ఉంది గాని, అంత మంచి వాక్యం మాత్రం అందులో పడలేదు. అది అప్పటికే ఇచ్చేశాను కదా.

ఆ సభకి మా బావ వచ్చాడు. బావ అంటే మా చెల్లెలి భర్త. కె. కోటపాడు అవతల వాళ్ళ ఊరు. చెరకు పండించి, సొంత పాకలోనే క్రషర్‌తో రసం తీసి బెల్లం వండుతాడు. నూతి మోటారుకి కరెంటు లైను ఉంది గాని, ఆ క్రషర్ మాత్రం డీజిల్ ఇంజను మీదే ఆడుతుంది. వాళ్ళ నాన్న నాటి ఇంజను. హేండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చెయ్యాలి. ఆ ముందు సీజనులో హేండిల్ తిరగబడి బావ కుడి మణికట్టు విరిగింది. అతికింది గాని, తువాలు పిండలేడు. ఇంజను తిప్పడానికి రోజూ ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. మనిషి దొరక్క చెరకు పాకలో ఎండిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇంకో సీజను ఇలాగే నడిస్తే బెల్లం మానేసి చేలు కౌలుకి ఇచ్చేద్దామని చెల్లెలు అంటోంది. బావకి అది ఇష్టం లేదు. బెల్లం వండనివాడు రైతేమిటని అతని బాధ.

సభ అయ్యాక మా ఇంటికి భోజనానికొచ్చి అడిగాడు.

“గవర్నమెంటోలు ప్లేట్లు ఇత్తారంట బావా. నూతి మోటారుకీ ఆడుతాదంట, క్రషరుకీ ఆడుతాదంట. కాని తీసుకుంటే కరెంటు లైను వదిలేసినట్టు సంతకం ఎట్టాలంట. ఏటి సెయ్యమంటావు?”

“పెట్టెయ్యి,” అన్నాను.

“ఇంజిను మాత్రం అవసరానికి ఉంచుకుంటాను. మార్చుకుంటే కొత్త మోటారు మీద తగ్గిత్తానన్నాడు గాని షాపోడు, నాకెందుకో మనసొప్పటం లేదు.”

“రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు బావా,” అన్నాను. మెట్ల కింద నా రెండో పడవ కర్టెను వెనకాల చార్జింగ్ అవుతోంది.

అప్పటికి చీకటి పడింది. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. బావ భోంచేస్తూ ఫేను వైపు, లైట్ల వైపు చూశాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తల ఊపాడు. అతను ఏం లెక్క వేసుకున్నాడో నేను అడగలేదు. చారు బాగుందంటున్నాడేమో అనుకున్నాను.

ఇక బావ వాళ్ళ ఊళ్ళో సంగతి. ఊరంతా సంతకాలు పెట్టాలా వద్దా అని తేల్చడానికి స్కూలు ఆవరణలో సభ పెట్టారు. అదే షామియానా. మైకతను నన్ను చూసి చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. సోలార్ తరఫున మాట్లాడటానికి బావ నన్ను తీసుకెళ్ళాడు. లైను వదలకూడదు అనేవాళ్ళ తరఫున ఒక పెద్దరైతు లేచాడు. బావకి వరసకి మామ అవుతాడు. జేబులోంచి కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

“ఎండ మన సేతిలో లేదు, బొగ్గు మన గోదాంలో ఉంది. ఇది నాను సెప్పిన మాట కాదు. సదువుకున్నోలు ఎవలో రాసింది. దీనికి అనకాపల్లి మాస్టారు ఏటి సెప్తారో ఇనాలని ఉంది.”

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. నా వాక్యానికి నేనే జవాబు చెప్పాలి. రాసేటప్పుడు కొంచెం సందు ఉంచుకుని రాయవలసింది. ఎక్కడా సందు లేదు. గట్టిగా రాశాను.

“బొగ్గు తవ్విన కొద్దీ తరుగుతుంది, ఎండ తరగదు,” అన్నాను. చాలలేదని ముఖాలు చూస్తే తెలుస్తోంది. అప్పుడు చెయ్యెత్తి, “రేపు పొద్దున్న సూర్యుడు రాడని మీలో ఎవరైనా పందెం కాస్తారా?” అని అడిగాను.

ఎవరూ కాయలేదు. పొలం పని తెలిసినవాళ్ళు అలాంటి పందేలు కాయరు. బావ లేచి, అందరికంటే ముందు ఎడమ చెయ్యెత్తి, నేను సంతకం పెడుతున్నాను అన్నాడు.

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “సరే అల్లుడా,” అన్నాడు. “ముందు నువ్వు సెయ్యి. సీజన్లో నీ క్రషరు ఆడితే అందరమూ సంతకాలు ఎట్టేత్తాం. ఆడకపోతే నీ ఎనకాల మాత్రం ఎవడూ రాడు.”

అలా మా బావ చెరకూ, ఊరి తీర్మానమూ ఒకే మోటారుకి బిగించారు. మజ్జిగ ఇచ్చారు. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకెళ్ళడం నేను చేసిన ఒకే ఒక తెలివైన పని.

ప్లేట్లు వచ్చాయి. లైను తీసేశారు. షాపువాడు ఇంజనుని ఆటో ట్రాలీలో ఎక్కిస్తుంటే చెల్లెలు దానికి బొట్టు పెట్టింది. ఏటా దసరాకి పెట్టే అలవాటు. హేండిల్ మాత్రం బావ పట్టుకెళ్ళనివ్వలేదు. తన చెయ్యి విరిచిందన్న అభిమానమో ఏమో, పాకలో మేకుకి తగిలించాడు. నూతి మోటారు మొదటి రోజు నుంచీ బ్రహ్మాండంగా ఆడింది. ఇవాళ్టికీ ఆడుతోంది. ఆ మాట నేను ఎక్కడ మొదలుపెట్టినా జనం టాపిక్ మారుస్తారు.

పుష్యమాసంలో క్రషర్ ముహూర్తం పెట్టుకున్నారు. ముందురోజు చెరకు కొట్టి పాక ముందు గుట్ట వేశారు. తెల్లవారుజామున నాలుగింటికి రమ్మని బావ ఫోన్ చేశాడు. బెల్లం వంట ఆ వేళకే మొదలవుతుంది. కొట్టిన చెరకు నిలవ ఉంటే బెల్లం గట్టిపడదు. తీసిన రసం నిలవ ఉంటే పులుస్తుంది. అందుకని తెల్లవారకముందే రసం తీయడం మొదలుపెట్టి, పొద్దెక్కేసరికి మొదటి పెనం దించేస్తారు. ఇది నాకు తెలియదా అంటే, తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ వేళకి లేచి వేడి బెల్లం తిన్నవాణ్ణే. తెల్లవారుజామున ఎండ ఉండదన్న సంగతి కూడా తెలుసు. ఈ రెండు సంగతులూ నా బుర్రలో వేరువేరు గదుల్లో కాపురం ఉంటున్నాయి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా వాటికి ఒకదాన్నొకటి పరిచయం చెయ్యలేకపోయాను.

నేను కారు దిగేసరికి ఊళ్ళో సగం మంది పాక దగ్గరే ఉన్నారు. మామ దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చున్నాడు. మంచు దట్టంగా పట్టి చెరకు గుట్టే సరిగ్గా కనిపించడం లేదు. కొబ్బరికాయ కొట్టారు. బావ మోటారు స్విచ్ వేశాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి వేశాడు. నా వైపు తిరిగాడు.

“బావా, ప్లేట్లలో నిన్నటి ఎండ ఉండదేటి?”

ఉండదన్నాను.

“మరి మీ ఇంట్లో రేత్రిపూట లైట్లు ఎలిగేయి గదా. నాను సూసేను గదా.”

నేను మంచు గురించి చెప్పడం మొదలుపెట్టాను. నీటి తుంపరలు, కాంతి చెదరడం, ఇంకాసేపట్లో విడిపోవడం. క్లాసులో వెనక బెంచీ ఎలా ఉండేదో పాకంతా అలాగే ఉంది. పొయ్యి దగ్గర పాకం చూసే పెద్దాయన ఎండు పిప్పి కట్ట పట్టుకుని, ముట్టించాలో వద్దో తెలియక నిలబడ్డాడు. ఆయనే అన్నాడు.

“సబలోనే అడుగుదామనుకున్నాను బాబూ, తెల్లారకముందు ఎలా ఆడుతాదీ అని. సదువుకున్నారు గదా, తెలిసే సెప్తన్నారు అనుకుని ఊరుకున్నాను.”

సూర్యుడు వచ్చాడు. రాడని ఎవరూ పందెం కాయలేదని నేను ఒకటికి రెండుసార్లు గుర్తుచేసుకున్నాను. ఎన్నింటికన్నది మేం పందెంలో పెట్టుకోలేదు. పదిన్నరకి మంచు విడింది. మోటారు మూలిగి, ఆడింది. ఊరు లేచి నిలబడింది. నేను ఫోన్ తీసి వీడియో పెట్టాను. మూడు గడలు నలిగాయి. నాలుగోదాని దగ్గర మబ్బు పట్టింది. గడ సగంలో ఇరుక్కుని, మోటారు ఆగిపోయింది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. చివర్లో నా గొంతు వినిపిస్తుంది, “ఇది తాత్కాలికం” అని.

ఆగుతూ ఆడుతూ సాయంత్రందాకా ఒక్క పెనం దిగింది. ఆ బెల్లం దిమ్మ కట్టలేదు. అచ్చులోంచి తీస్తే కూర్చున్నచోటే జారింది. దాన్ని మార్కెట్టుకి పట్టుకెళ్ళడం కంటే ఇంట్లో పరమాన్నం వండుకోవడం నయమని పెద్దాయన తేల్చాడు. చెరకు గుట్ట అలాగే ఉంది. ఇంకో పూట ఆగితే అదంతా ఇలాగే జారుతుంది. చేలో కొట్టవలసింది ఇంకా నిలబడే ఉంది. లైను ఉంటే మోటారుని దాని మీద తిప్పుకునేవాళ్ళం. లైను లేదు. ఇంజను ఎవరి క్రషర్ తిప్పుతోందో షాపువాడికే తెలియదు. బావ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చెల్లెలితో, “కౌలుకి అడిగినోడు ఇంకా ఉన్నాడేటి, కనుక్కో,” అన్నాడు.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఊరివాళ్ళ సంతకాల కోసం తెచ్చిన కాగితం బల్ల మీదే ఉంది. దాని మీద పెన్ను పెట్టినవాడు కూడా పెన్ను తీసుకుపోయాడు.

అప్పుడు మామ తన ఇంజనుని ట్రాక్టరు మీద వేసుకుని వచ్చాడు. గెలిచినవాడు అలా రాకూడదు. ఓడినవాడికి తిట్టుకునే అవకాశం కూడా లేకుండా చేశాడు.

“నా క్రషరు ముహూర్తానికి ఇంకా వారం ఉంది. ఆడించుకో అల్లుడా. నా హేండిలు ఎక్కడో పడిపోనాది. నీది ఉంది గదా, అదే సరిపోతాది.” తర్వాత నా పక్కకొచ్చి నిలబడ్డాడు. “మొన్న మీ సిస్యుడు కలిసేడు మాస్టారూ. ఆ మాట మీరే రాసిచ్చేరంట గదా. ఎంత బాగా రాసేరండీ.”

బావ విన్నాడు. మేకు మీంచి హేండిల్ తీస్తున్నవాడు ఒక క్షణం ఆగి, మళ్ళీ తీశాడు.

హేండిల్ ఎవరు తిప్పాలన్నది ప్రశ్న. బావ చెయ్యి పనికిరాదు. మామది గుండె ఆపరేషనైన ఒళ్ళు. పెద్దాయన పొయ్యి వదిలి రాలేడు. నేను ముందుకెళ్ళాను. సోలార్ సభలో వక్తగా దండ వేయించుకున్న మనిషి డీజిల్ ఇంజను ముందు పంచె ఎగ్గట్టి వంగాడు. డీజిల్ ఇంజను పనిచేసే తీరు నేను బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ వేసి చెప్పానో లెక్కలేదు. బొమ్మలో హేండిల్ ఉండదు.

మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి పట్టుకుంది. పట్టుకున్న క్షణంలో హేండిల్ వదలాలని బావ అరుస్తూనే ఉన్నాడు. నేను వదల్లేదు. పొగ నా ముఖాన కొట్టింది, హేండిల్ నా మణికట్టుని కొట్టింది. క్రషర్ ఆడింది. రసం డ్రమ్ములోకి దిగుతుంటే పెద్దాయన పిప్పి ముట్టించాడు. బావ గబగబా వెళ్ళి ఎడమ చేత్తో గడలు అందించడం మొదలుపెట్టాడు.

చెల్లెలు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఉప్పు వేయించి మూటకట్టి మణికట్టు మీద కాపడం పెట్టింది. ఇంజను చప్పుడులో మాట్లాడినా వినపడదు. మూట మళ్ళీ వేడి చేసుకొచ్చి, ఈసారి చెవి దగ్గరికి వంగి చెప్పింది.

“అన్నియ్యా, ప్లేట్లు ఎట్టించుకున్నా మీ ఇంటికి లైను ఉంచుకున్నావు. మెట్ల కింద బేటరీ కూడా ఉంది, ఒదిన సెప్పింది. మాది మాత్రం అన్నీ పీకించేసేవు.”